ఆగాకర దుంప: అడవి నుంచి పెరటి దాకా

మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడితే చాలు, మా ఊరి వెనక కొండవాలులో ఆగాకర తీగ తల ఎత్తుతుంది. నిన్నటి దాకా అక్కడ ఎండిన పుల్ల కూడా ఉండదు. దుంప ఎక్కడుందో కొత్తవాడికి తెలియదు. వాన తడి లోపలికి దిగగానే ఎర్రమట్టిని చీల్చుకుని లేత కొస బయటికి వస్తుంది. వారం తిరిగేసరికి పక్కనున్న పొదను పట్టుకుని పైకి పాకుతుంది. ఆషాఢం దాటేసరికి ముళ్ళ ముళ్ళ పచ్చటి కాయలు సంచి నిండుతాయి. చలి ముదిరేసరికి తీగ ఎండి గాలికి రాలిపోతుంది. మళ్ళీ అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది.

మన చరిత్ర కూడా ఈ తీగలాంటిదే అనిపిస్తుంది మాకు. పైన చూసినవాళ్ళు ఇక్కడ ఏమీ లేదు, ఖాళీ నేల అన్నారు, అలాగే రాసుకున్నారు. లోపల దుంప ఉందన్న సంగతి ఆ చోటు తెలిసిన వాళ్ళకే తెలుసు. తిరుగుబాట్ల గురించి, వీరుల గురించి మన రచయితలు చాలా రాశారు, ఇంకా రాయాలి. అయితే మన అమ్మమ్మలు ఏ దుంపను ఎక్కడి నుంచి తెచ్చి ఏ దడి పక్కన నాటారన్నదీ చరిత్రే. అది ఏ గెజిటుకూ ఎక్కలేదు. అందుకే ఈ వ్యాసంలో ఒక కూరగాయ చరిత్ర చెప్పదలిచాం. యువకులూ, మన బడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులూ దీన్ని చదివి, తమ తమ ఊళ్ళలో దీనికి ముందు మాట, వెనక మాట కలుపుతారని మా ఆశ.

పేర్లలో ఉన్న సంగతి

ఒకే కాయకు ఎన్ని పేర్లో చూడండి. మా వైపు ఆగాకర, ఆకాకర అంటారు. తెలంగాణలో బోడకాకర అంటే అందరికీ తెలుసు. మైదానం వాళ్ళు అడవి కాకర అంటారు. సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళ్తే కంకడ, ఛత్తీస్‌గఢ్ వైపు ఖేక్సీ, మరాఠీ వాళ్ళకు కర్టోలి. ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లు ఉన్నాయంటే, ఇంతమంది దీన్ని చాలాకాలంగా ఎరిగి ఉన్నారని అర్థం. ఎక్కడి నుంచో వచ్చిన కూరగాయకు ఇన్ని సొంత పేర్లు ఉండటం అరుదు. టమాటా, క్యాబేజీ అన్న పేర్లు మనవి కావు. అవి ఓడల మీద వచ్చాయి, పేరును కూడా తెచ్చుకున్నాయి. ఆగాకర ఇక్కడిది.

'అడవి' అన్న మాట ముందు తగిలిస్తే తెలుగులో కొంత తక్కువతనం వస్తుంది. అడవి పంది, అడవి మనిషి, అడవి కాకర. నిజానికి సంతలో సంగతి వేరు. వానాకాలం మొదట్లో కొండ దిగిన ఆగాకరకు ఊరి కాకర కంటే ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. కోడి మాంసం ధరతో పోటీ పడే రోజులూ ఉన్నాయి. కాయకు విలువ కట్టినవాళ్ళు కాయను ఎరిగిన మనిషికి విలువ కట్టలేదు. మన పిల్లలు వసతి గృహంలో ఉన్నప్పుడు 'మేం ఇంట్లో అడవి తిండి తింటాం' అని చెప్పుకోవడానికి సిగ్గుపడటం మేము చూశాం. ఆ సిగ్గు పిల్లలది కాదు, ఆ మాటను అలా వాడిన వాళ్ళది.

శాస్త్రంలో దీనికి మొమోర్డికా డయోయికా అని పేరు. ఆ పేరు పక్కన ఇద్దరి పేర్లు రాస్తారు: రాక్స్‌బర్గ్, విల్డెనో. విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్ళేదాకా మన మన్యానికి దిగువనే ఉన్న సామర్లకోటలో తోట పెంచాడు. మిరియం, చెరకు, నీలి వంటి పంటల మీద ప్రయోగాలు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కలకు స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలతో వచ్చిన పెద్ద పుస్తకం 1795 నుంచి అచ్చవుతూ వచ్చింది. ఆగాకర పేరును జర్మనీ శాస్త్రవేత్త విల్డెనో 1805లో అచ్చు వేశాడు. వాళ్ళ శ్రమను మేము తక్కువ చేయడం లేదు. కానీ ఆ పేరు పక్కన ఏ కొండ ఊరి పేరూ లేదు, ఏ తెగ పేరూ లేదు. మొక్కను ముందు ఎరిగినవాళ్ళు వేరు, పుస్తకంలో పేరు పెట్టినవాళ్ళు వేరు. ఈ తేడా మన చరిత్రలో చాలాచోట్ల కనిపిస్తుంది.

ఆడ తీగ, మగ తీగ

డయోయికా అంటే రెండు ఇళ్ళు అని అర్థం. ఆడ పూలు ఒక తీగకు, మగ పూలు వేరొక తీగకు పూస్తాయి. సొరకు, బీరకు, ఊరి కాకరకు రెండు రకాల పూలూ ఒకే తీగ మీద ఉంటాయి. ఆగాకరకు అలా కాదు. మగ తీగ ఒక్క కాయా కాయదు. అలాగని దాన్ని పీకేస్తే ఆడ తీగకూ కాయ నిలవదు. పిందె పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది.

మన ఆడవాళ్ళకు ఈ సంగతి ఎవరూ బడిలో చెప్పలేదు. అయినా ఆకు పక్కన పువ్వు రాగానే ఇది 'గొడ్డు తీగ', ఇది 'కాపు తీగ' అని వేరు చేస్తారు. పువ్వు కింద చిన్న ముళ్ళ బొడిపె ఉంటే ఆడది. బొడిపె లేకుండా, కాడ పైన చిన్న ఆకు దొప్పలాగా పువ్వును పట్టుకుని ఉంటే మగది. పూలు పొద్దు వాలాక విచ్చుకుంటాయి. పసుపు పచ్చగా, ఒకలాంటి వాసనతో ఉంటాయి. రాత్రి తిరిగే పురుగులు పుప్పొడి మోస్తాయి. తెల్లారి ఎండ ఎక్కేసరికి పూలు వాడిపోతాయి. అందుకే పగలు మాత్రమే పొలం చూసేవాడికి ఈ తీగ గుట్టు అందదు. సాయంత్రం కట్టెలు మోసుకుంటూ అదే దారిన వచ్చే ఆడమనిషికి అందుతుంది.

గింజ వేస్తే మొలవదా అంటే మొలుస్తుంది, కానీ తేలిక కాదు. గింజ పెంకు గట్టిది, నెలల తరబడి నిద్రపోతుంది. మొలిచినా అది ఆడదో మగదో పూత వచ్చేదాకా చెప్పలేం. సుమారు సగానికి సగం మగవే అవుతాయి. అందుకే దుంప. దుంపకు ముందే తెలిసిన తల్లి ఉంటుంది. ఆడ తీగ దుంప నాటితే ఆడ తీగే వస్తుంది, మగ తీగ దుంప నాటితే మగ తీగే వస్తుంది. ఒకసారి గుర్తించి దాచుకుంటే ఏళ్ళ తరబడి అదే కాపు. ఈ తెలివినే పంట పెంపకం అంటారు. అడవిలో కోసుకు తిన్నవాళ్ళు వ్యవసాయం ఎరుగరని రాసిన పుస్తకాలు ఈ తెలివిని లెక్కలోకి తీసుకోలేదు.

దుంపతో మనకున్న బంధం

మన తెగలన్నిటికీ నేలలో దాగిన తిండితో పాత బంధం ఉంది. నల్లమల చెంచుల గురించి 1940ల మొదట్లో హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త వివరంగా రాశాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకంలో చెంచు ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇనుప మొన తొడిగిన తవ్వుకోలతో అడవి గడ్డలు తవ్వుకోవడమే రోజువారీ బతుకుగా కనిపిస్తుంది. గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద ఆయన 1945లో ఇంకో పుస్తకం వేశాడు. పోడు గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు దవ్వ పిండి, మామిడి టెంకల జీడి పిండి, అడవి దుంపలు కొండరెడ్ల ఇళ్ళను నిలబెట్టాయి. మైదానంలో కరువు వస్తే జనం ఊళ్ళు వదిలి పోయారు. కొండల్లో కరువు వస్తే జనం నేల లోపలికి చూశారు.

ఆగాకర దుంప కడుపు నింపే దుంప కాదు, పెండలంలా ఉడకేసుకుని తినం. కొన్ని ఇళ్ళలో మందుకు వాడతారు గానీ కూరకు పైనున్న కాయే. అయినా దుంప తవ్వడంలో పాటించే నీతి దీనికీ వర్తిస్తుంది. అడవి గడ్డ తవ్వేటప్పుడు తీగ ఉన్న తలభాగం గోతిలో వదిలి మట్టి కప్పాలి, మళ్ళీ ఏడాదికి ఊరుతుంది. కొత్తల పండుగ చేయనిదే కొత్త కాయ నోట పెట్టకూడదు. ఇది భక్తి మాత్రమే కాదు. లేత పిందెను ఎవరికి వాళ్ళు ముందుగా దూసేయకుండా ఊరంతా కలిసి వేసుకున్న కట్టుబాటు. ఏ కాయ ఎప్పుడు ముట్టాలో ఊరు కలిసి తేల్చేది. దాని కోసం కాపలాదారు అక్కర్లేదు, జరిమానా పుస్తకమూ అక్కర్లేదు.

తీగను కూడా చట్టం పట్టుకున్న కాలం

తర్వాత కాపలాదారూ వచ్చాడు, జరిమానా పుస్తకమూ వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం చేశారు. దాని కింద ప్రభుత్వం ఒక కొండను రిజర్వు అడవిగా ప్రకటిస్తే, అనుమతి లేకుండా అందులో పోడు కొట్టడం, పశువులు మేపడం, అటవీ ఉత్పత్తి తీయడం నేరం. అంతకు మూడేళ్ళ ముందే, 1879లో, రంప కొండలు భగ్గుమన్నాయి. ఈత, తాటి, జీలుగు చెట్ల నుంచి సొంతానికి తీసుకునే కల్లు మీద కూడా 'చిగురు పన్ను' అడగడం ఆ ఫితూరీకి ఒక ముఖ్య కారణం. చెట్టు చిగురుకు పన్ను కట్టమనడం మన పెద్దలకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే న్యాయం.

1927లో వచ్చిన భారత అటవీ చట్టం 'అటవీ ఉత్పత్తి' అంటే ఏమిటో చెబుతూ, చెట్లు కాని మొక్కల్లో గడ్డి, తీగలు, రెల్లు, నాచు అన్నిటినీ చేర్చింది. వాటి భాగాలు కూడా ఉత్పత్తే. ఈ మాటను ఉపాధ్యాయులు పిల్లల చేత ఒకసారి చదివించాలి. కొండ మీద పాకే తీగ కూడా కాగితం మీద సర్కారు సొత్తు అయింది. ఆ తీగను పెంచినవాడు సర్కారు కాదు, దాని పూత పొద్దు ఎరిగినవాడూ కాదు.

1922లో గూడెం తాలూకాలో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనికి మన వాళ్ళ చేత వెట్టి చేయించారు. పోడు మీద కట్టడి, అడవిలో కట్టడి, దానికి తోడు వెట్టి. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట గాం సోదరులు, మన్యం మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. అటు ఆదిలాబాదులో పోడు నేలల నుంచి, అడవి నుంచి తరిమేస్తుంటే కుమురం భీం గోండులను కూడగట్టాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణాలిచ్చాడు. ఈ సంగతులు మనకు తెలిసినవే. మేము ఇక్కడ గుర్తు చేస్తున్నది వాటి వెనకనున్న వంటింటిని. పోడు ఆగిన ఇంట్లో సామలు, రాగులు ఆగాయి. అడవికి వెళ్ళనివ్వని ఇంట్లో కూర ఆగింది. జల్, జంగల్, జమీన్ అన్నప్పుడు అందులో పొయ్యి మీది కుండ కూడా ఉంది.

పోడుకు ఆగాకరకు ఇంకో చుట్టరికం ఉంది. పోడు కొట్టి కాల్చినప్పుడు పైన తీగలు మాడిపోయినా లోపలి దుంప బతుకుతుంది. వెలుతురు తగిలిన అంచున తొలి వానకు మళ్ళీ లేస్తుంది. చెట్లు దట్టంగా కమ్ముకున్న నడి అడవి కంటే, పొదలు, వెలుతురు కలిసిన అంచే దీనికి ఇష్టం. అంటే మనిషి మసలిన అడవి దీనికి సరిపడింది. మనిషిని తీసేస్తేనే అడవి బాగుంటుందన్న మాట అన్ని మొక్కల విషయంలోనూ నిజం కాదు.

పెరట్లోకి వచ్చిన దారి

మా ఇళ్ళలో చెప్పుకునే మాట ఒకటుంది. అడవికి వెళ్తే అడిగేవాడు వచ్చాక, ఆడవాళ్ళు దుంపను ఒడిలో పెట్టుకుని ఇంటికి తెచ్చారట. దడి పక్కన, పెంటకుప్పకు కాస్త ఎడంగా, నీరు నిలవని చోట పెట్టారట. దడి కర్రలే పందిరి అయ్యాయి. అందరి ఇళ్ళలో అలా జరిగిందని మేము అనడం లేదు. కొందరు ఇష్టంతో తెచ్చారు, కొందరు దూరం నడవలేక తెచ్చారు. కోడలిగా వెళ్ళే పిల్ల పుట్టింటి దుంప తీసుకెళ్ళడం మేము కళ్ళారా చూసింది. అలా ఒక దుంప మూడు ఊళ్ళు దాటుతుంది. ఆ దారిని గీస్తే మన చుట్టరికాల పటం వస్తుంది.

ఈ పనికి ఎవరూ పేరు పెట్టలేదు. ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఆగాకర మీద పని చేస్తున్నాయి. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం 'ఇందిరా కంకోడ-1' అనే రకాన్ని ఇచ్చింది. మైదానంలో రైతులు పందిళ్ళు వేసి ఎకరాల్లో పెంచుతున్నారు. మంచిదే. కానీ అక్కడ నాటిన దుంపలకు పుట్టిల్లు ఏది? కొండ వాలులో ఎవరో ఏరి, దాచి, పంచిన దుంపలే.

మేము చేసిన తప్పు

ఈ చరిత్రలో మన వాళ్ళను పొగిడే మాటలే రాస్తే అది చరిత్ర కాదు. మా ఊరి తప్పు కూడా చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట ఒక వర్తకుడు సంతకు వచ్చి, కాయలు కాదు, దుంపలు కావాలన్నాడు. కిలోకు మేము అంతవరకు చూడని ధర చెప్పాడు. బడి ఫీజులు కట్టాల్సిన రోజులు. మేమంతా గునపాలు పట్టుకుని కొండవాలు మీదికి వెళ్ళాం. యువకులమే ముందు. ఎండాకాలం కావడంతో తీగ లేదు, ఏది ఆడదో ఏది మగదో తెలియదు. దొరికినదల్లా తవ్వాం. తలభాగం వదిలి మట్టి కప్పాలన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా తూకం తగ్గుతుందని వదల్లేదు. గోతులు కూడా పూడ్చలేదు.

మరుసటి వానాకాలం ఆ వాలులో తీగ లేవలేదు. ఆ తర్వాతి ఏడాది అక్కడక్కడ నాలుగు తీగలు లేచాయి, పూసింది మగ పూలే. ఏటా పిల్లల బట్టలకు, ఉప్పుకు, నూనెకు సరిపోయిన కాయల డబ్బు పోయింది. ఒక్కసారి వచ్చిన డబ్బు ఆ ఏడాదే అయిపోయింది. మా ఊరి ముసలమ్మ ఒకామె ఏమీ తిట్టలేదు. "తల్లిని అమ్మి పాలు కొనుక్కున్నార్రా" అంది. అంతే.

మళ్ళీ మాకు దుంప దొరికింది అడవిలో కాదు, ఆమె పెరట్లోనే. ఆమె అమ్మలేదు. ఆరు ఆడ దుంపలు, ఒక మగ దుంప ఉన్నాయి. వాటి పిల్ల దుంపలనే ఇంటికొకటి చొప్పున పంచింది. మొదటి ఏడాది మాలో కొందరు కాయని దుంప ఎందుకని మగదాన్ని వద్దన్నారు. వాళ్ళ పందిళ్ళు పచ్చగా ఉన్నాయి గానీ పిందెలు నిలవలేదు. అప్పుడు పొరుగు దడి మీది మగ పూలు తెంపుకొచ్చి, సాయంత్రం ఆడ పూలకు తాకించారు. కాయలు నిలిచాయి. ఊరంతటికీ పాఠం అలా వచ్చింది: ఏ ఇల్లూ ఒంటరిగా ఆగాకర పండించలేదు.

దుంప నాటే తీరు

ఇప్పుడు మేము చేస్తున్న పద్ధతి ఇది. బడి తోటలోనూ ఇది చేయవచ్చు.

పూత కాలంలోనే తీగలకు గుర్తు పెట్టాలి. ఆడ తీగ మొదట్లో ఎర్ర గుడ్డ పీలిక, మగ తీగకు తెల్ల పీలిక కట్టి, పక్కన పుల్ల పాతాలి. తీగ ఎండిపోయాక నిద్రలో ఉన్న దుంపను చూసి ఆడ, మగ చెప్పడం కుదరదు. గుర్తు లేని దుంప నాటితే ఏడాది పోయినట్టే.

చలికాలంలో తీగ పూర్తిగా ఎండాక తల్లి దుంప చుట్టూ జాగ్రత్తగా మట్టి తీసి, పక్కన ఊరిన పిల్ల దుంపలను మాత్రమే తీసుకోవాలి. తల్లిని కదపకూడదు. పెద్ద దుంపను పంచుకోవలసి వస్తే నిలువుగా కోయాలి. ప్రతి ముక్కకూ తలభాగంలో మొలక కన్ను ఉండాలి. కోసిన చోట బూడిద రాసి నీడలో ఆరబెట్టాలి. తీసినవాటిని నాటేదాకా చల్లని మూలన పొడి ఇసుకలో దాచాలి. ఆడవి, మగవి వేరు వేరు కుండల్లో దాచడం మేలు.

రోహిణి కార్తెలో గుంటలు తీసి, మాగిన పశువుల ఎరువు, బూడిద మట్టితో కలిపి నింపుకోవాలి. గుంటకు గుంటకు మధ్య రెండు మీటర్లు ఉండాలి. తొలి వానలు పడగానే మొలక కన్ను పైకి ఉండేలా దుంప పెట్టి, రెండు మూడు వేళ్ళ మందాన మట్టి కప్పాలి. నీరు నిలిచే చోట అసలు పెట్టకూడదు, దుంప కుళ్ళుతుంది. ఎనిమిది పది ఆడ దుంపలకు ఒక మగ దుంప సరిపోతుంది. దాన్ని ఒక మూలన కాకుండా మధ్యలో పెట్టాలి.

తీగ జానెడు లేవగానే వెదురు కర్ర, కంప, దడి ఏదైనా ఆసరా ఇవ్వాలి. నేల మీద పాకనిస్తే కాయ మచ్చ పడుతుంది. మొలిచిన నెలా నెలన్నరకు పూత వస్తుంది. పువ్వు విచ్చిన పది పదిహేను రోజుల్లో కాయ లేతగా, పచ్చగా ఉన్నప్పుడే కోయాలి. ఆలస్యమైతే గింజ ముదిరి, కాయ పసుపెక్కి పగిలి ఎర్రటి గుజ్జు బయటపడుతుంది. పక్షులకు, గింజకు రెండు మూడు కాయలు అలా వదలాలి. పండు ఈగ కుట్టిన కాయలు కింద పడితే ఏరి పూడ్చిపెట్టాలి, వదిలితే మిగతా కాపునూ చెడగొడుతుంది.

కాపు అయ్యాక తీగ ఎండిందని దున్నేయకూడదు. ఆ చోట పుల్ల పాతి ఉంచితే చాలు. నాటిన దుంప వచ్చే ఏడాది తానే లేస్తుంది, ఏడాదికేడాది బలం పుంజుకుంటుంది.

కాగితం మీద మన దుంప

1927 చట్టంలో తీగ సర్కారు సొత్తు అయిందన్నాం. ఆ కథ అక్కడ ఆగలేదు. 1996లో పెసా చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలన్నది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది. అందులో చిన్న తరహా అటవీ ఉత్పత్తి అంటే వెదురు, తేనె, తునికాకు, మందు మొక్కలతో పాటు వేర్లు, దుంపలు కూడా. వాటిని సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం మీద మనకు యాజమాన్య హక్కు ఉంది. తీగ అన్న మాట దగ్గర మొదలై దుంప అన్న మాట దాకా చట్టం రావడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. ఆ ఎనభై ఏళ్ళ నిండా మనవాళ్ళ పోరాటాలే.

హక్కు ఉందంటే పూచీ కూడా ఉంది. అదే 2006 చట్టం అడవిని, జీవజాతులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. మా గ్రామసభలో ఇప్పుడు ఒక మాట అనుకున్నాం: కాయ ఎవరైనా కోసుకోవచ్చు, కొండ మీది దుంప అమ్మకానికి తవ్వకూడదు. నాటుకోవడానికి కావాలంటే పెరటి పిల్ల దుంప అడిగి తీసుకోవాలి. రాసి సంతకాలు పెట్టుకున్నాం. అది పాత కొత్తల పండుగ కట్టుబాటుకు కొత్త కాగితం.

ఇంకో రెండు చట్టాలను యువకులు చదవాలి. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం మనం ఎరిగి కాపాడుకున్న నాటు రకాలనూ, పంట మొక్కల అడవి బంధువులనూ 'రైతుల రకం'గా గుర్తిస్తుంది. వాటిని కాపాడిన సముదాయాలకు గుర్తింపు, ప్రతిఫలం అడిగే వీలు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మన ఊరి మొక్కల గురించి, వాటిని వాడే తీరు గురించి మన నోటి నుంచి విని రాయాల్సిన పుస్తకం అది. అందులో మా ఊరి ఆగాకర గురించి ఏముందో చూడండి. లేకపోతే రాయించండి. పేరు, మన భాషలో పేరు, దొరికే చోటు, ఆడ మగ గుర్తు, ఎవరి పెరట్లో ఎన్నేళ్ళుగా ఉంది, అన్నీ.

బడిలో చేయగలిగింది

1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు గోండీలోనే చదువు చెప్పే బడి మొదలైంది. గోండు ఉపాధ్యాయులను అక్కడే తయారు చేశారు. పిల్లలకు తెలిసిన లోకం నుంచి పాఠం మొదలుపెట్టాలన్న ఆలోచన మన దగ్గర కొత్తది కాదు. ఆగాకర దుంప ఒక్కటి బడి తోటలో ఉంటే ఎన్ని పాఠాలో చూడండి. పువ్వులో ఆడ మగ అన్నది జీవశాస్త్రం. ఎనిమిదికి ఒకటి అన్నది లెక్క. సంత ధర ఆర్థిక శాస్త్రం. 1882, 1927, 2006 సాంఘిక శాస్త్రం. అమ్మమ్మను అడిగి రాసుకొచ్చింది భాష.

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒక్కటే. సెలవులకు ఇంటికి వెళ్ళే ప్రతి పిల్ల చేతా, పిల్లవాడి చేతా మూడు ప్రశ్నలు అడిగించండి. మన పెరట్లో ఉన్న దుంపలు ఏవి? ఏ దుంప ఎవరింటి నుంచి వచ్చింది? మునుపు ఉండి ఇప్పుడు లేనిది ఏది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే ముందు రాసుకోండి. చెప్పేవాళ్ళు పెద్దవాళ్ళవుతున్నారు.

మాకు దుంపలు పంచిన ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె దడి పక్కన పాతిన పుల్లలు అలాగే ఉన్నాయి, కొన్నిటికి ఎర్ర పీలికలు, ఒకదానికి తెల్ల పీలిక. ఈ ఏడు మృగశిర వానకు ఏడు చోట్లా తీగ లేచింది. ఆమె మనవరాలు ఎనిమిదో తరగతి చదువుతోంది. పిల్ల దుంప కావాలని పొరుగూరి వాళ్ళు వస్తే, ఆ పిల్ల లోపలికి వెళ్ళి రెండు కుండలు తెచ్చింది. "ఆడది మూడిస్తాను, మగది కూడా తీసుకోవాలి, లేకపోతే ఇవ్వను" అంది.

మేము రాసిన ఈ చరిత్రంతా ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పేసింది.